బొత్తాలు కొట్టే కడ్డీ

ఆ శనివారం తెల్లవారేసరికి తూర్పున మబ్బులు గుంపుగా నిలబడి ఉన్నాయి. కురిసే మబ్బయితే నల్లబడి కిందికి దిగుతుంది. ఇవి దిగలేదు. ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి సూర్యుడికి అడ్డం నిలిచాయి. వాన ఇవ్వలేదు, ఎండనూ రానివ్వలేదు. గుడియాత్తం బజారులో అంగళ్ళు తెరిచేవాళ్ళు తలెత్తి చూసి తలుపులు తీసుకున్నారు.

ఎల్లప్ప కూడా చూశాడు. తర్వాత పలక తలుపులు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి, మిషను మీది గుడ్డ తొలగించి, చక్రానికి నూనె వేశాడు. బజారులో దర్జీలు చాలామందే ఉన్నారు. అతణ్ణి మాత్రం బస్సు ఎల్లప్ప అంటారు. వేలాయుధం మొదలియారు బస్సులు నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి డ్రైవర్లకు, కండక్టర్లకు ఖాకీ బట్టలు కుట్టేది అతనే. కండక్టరు ఎవరైనా అంగడి ముందు నుంచి పోతే ఎల్లప్ప కళ్ళు ముందు భుజం కుట్టు మీదికి పోతాయి, తర్వాతే మొహం మీదికి.

ఆ పొద్దున వేలాయుధమే నడిచి వచ్చాడు. చంకలో ఒక సంచీ ఉంది. దాన్ని బల్ల మీద పడేశాడు.

"చూడప్పా ఎల్లప్పా."

ఖాకీ సంచీ. కండక్టరు భుజానికి వేసుకునేది. లోపల రెండు అరలు, రెండింటికీ వేరువేరు మూతలు. మూతకు బొత్తాం. ఎల్లప్ప వేలితో లాగాడు. టప్‌మని ఊడింది. నొక్కాడు. టిక్కుమని పట్టుకుంది. బొత్తాం చుట్టూ దారం లేదు. మూత తిప్పి వెనక చూశాడు. అక్కడా దారం లేదు. ఇనుప రింగు ఒకటి గుడ్డను పళ్ళతో కరిచినట్టు పట్టుకొని ఉంది.

"రెండు అరలెందుకయ్యా?"

"ఎందుకా? ఒకటో తేదీ నుంచి పరదరామి దాటితే వేరే రాజ్యమంట గదప్పా. మన బండి ఈడ మద్రాసు రాజ్యంలో బయల్దేరి, చిత్తూరు పోయేసరికి ఆంధ్ర రాజ్యంలో నిలబడతాది. ఈ పక్క టికెట్లు ఈ అరలో, ఆ పక్కవి ఆ అరలో. రెండూ కలిపేసినాడంటే కండక్టరు కత అంతే."

"టిచ్ బొత్తాలు నేనూ పెట్టినా గదయ్యా, పోయిన తూరి."

"పెట్టినావు. దారంతో కుట్టినావు. ఆళ్ళు పొద్దన్నుంచి మాపటిదాకా తీసేది, మూసేది. దారం ఎంతకని ఉంటాది? బొత్తాలు ఊడిపోయి, మా కండక్టర్లు పెండ్లికూతురు పైట పట్టుకున్నట్టు సంచీ నోరు పట్టుకోని తిరగతా ఉండారు. జనం నవ్వతా ఉండారప్పా!"

ఎల్లప్ప నవ్వలేదు. "ఇది ఎవురు కుట్టింది?"

"నీ బామ్మర్దే. వేలూరు పక్కన తొరపాడిలో పెట్టినాడే అంగడి, ఆ సుందరం."

ఎల్లప్ప సంచీని మళ్ళీ తిప్పాడు. అంచు కుట్టు చూశాడు. మూలలో రెండుసార్లు వెనక్కి వచ్చి ముడి వేసిన తీరు చూశాడు. అది అతను నేర్పిన ముడే.

"సగం సంచులు వాడు కుడతాడు," అన్నాడు వేలాయుధం. "సగం నువ్వు కుట్టు. పాత మనిషివని ఇస్తా ఉండా. బొత్తాలు గట్టిగా ఎవురు పెడితే, ఇంకమీద బస్సు పనంతా వాళ్ళకే. ఉడుపులు, సంచులు, సీట్లు, అన్నీ. వచ్చే ఆదివారం నాకు కావాల. సరేనా?"

బొత్తాల పొట్లం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం ఆ సంచీని ఇంటికి తీసుకుపోవడం ఎల్లప్ప చేసిన తప్పు. అతని భార్య భారతమ్మ చేతులు తుడుచుకొని దాన్ని అందుకుంది.

"మా సుందరం కుట్టిందా! వాడేనా?" టప్‌. టిక్‌. "ఏమయ్యా, ఇది చూడు, యాడా దారమే లేదు." టప్‌. టిక్‌. "ఎట్లా పెట్టినాడో!"

అతను తింటున్నంతసేపూ ఆమె ఆ బొత్తాన్ని తీస్తూ, మూస్తూ గడపలో కూర్చుంది. తల్లి పోయిన ఏడు సుందరాన్ని చేయి పట్టుకొని ఈ ఇంటికి తెచ్చుకున్నది ఆమె. వాడికి కాజాలు కుట్టడం నేర్పింది ఎల్లప్ప. మొదట్లో వాడి కాజాలు ఎలుక కొరికినట్టు ఉండేవి. ఎల్లప్ప విప్పేవాడు, వాడు మళ్ళీ కుట్టేవాడు. అప్పుడు వాడంటే ఎల్లప్పకు ఇష్టంగానే ఉండేది. పని సరిగా రాని రోజుల్లో ఎంతో ఇష్టంగా ఉండేది.

"ఒక మాట వాణ్ణే అడగరాదా? చెప్పడా ఏంది?" అంది భారతమ్మ.

"నేను నేర్పినోణ్ణి నేను పోయి అడగాల్నా?"

"అడిగితే నోరు అరిగిపోతాదా?"

"పప్పు పొయ్యి."

ఆమె పప్పు వేసింది. టిక్కుమంది బొత్తాం.

సాయంత్రం అంగట్లో అతను తలుపు ఓరగా వేసి, బొత్తాన్ని గుడ్డలో గుచ్చి, రాతి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. గుండ్రటి తల నలిగి, కాలు కింద పడిన శనక్కాయ తొక్కలాగా అయింది. ఇంకొకటి మెల్లగా కొట్టాడు. అది గుడ్డను పట్టుకోలేదు. మేకు పెట్టి కొట్టాడు. బొత్తాం వెనక ఉండే కాడ చీలింది. ఇది చేతి నేర్పు కాదు, సరయిన పనిముట్టు ఏదో ఉంది, సుందరానికి అది దొరికింది, అనుకున్నాడు. సుందరానికి దొరికింది అన్న మాట దగ్గరే అతని ఆలోచన ఆగిపోయింది.

*

సోమవారం వేలూరికి బస్సెక్కాడు. కోట దాటి పెద్ద బజారులో తోలు సామాన్లు అమ్మే ఏసుదాస్ అంగడికి పోయాడు. చెప్పులకు, పట్టీలకు, పెట్టెలకు కావలసినవన్నీ అక్కడ తాళ్ళకు వేలాడుతుంటాయి. ఏసుదాస్ లావుపాటి మనిషి. కూర్చున్న చోటి నుంచే కర్రతో సామాను దించుతాడు.

"ఎన్న వేణుం?" అని అరవంలో ఏం కావాలని అడిగి, ఎల్లప్ప తెలుగులో పలకరించగానే తెలుగులోకి దిగి, అతని నడుముకు చుట్టిన కొలత పట్టీ చూశాడు. "దర్జీవా? దర్జీలకు నా అంగట్లో ఏం పని నాయనా? ఈడ సూదులన్నీ గునపాల మాదిరి ఉంటాయి."

"బొత్తాం కొట్టే పనిముట్టు కావాల."

"బొత్తాం ఏది, చూపించు."

ఎల్లప్ప అంగీ జేబులో నుంచి నలిగినదాన్ని తీశాడు. తెచ్చింది అదొక్కటే.

ఏసుదాస్ దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "దీన్ని ఏనుగు తొక్కిందా?"

"సుత్తితో కొట్టినా."

"సుత్తితో నన్ను కొట్టినా ఇట్లే అవతా." నవ్వుతూనే కర్రతో ఒక కన్నాల పోటును దించాడు. చెప్పుల తాళ్ళకు కన్నాలు వేసి, వాటికి ఇత్తడి రింగులు బిగించేది. తోలు ముక్క మీద చూపించాడు. చక్కగా కూర్చుంది. ఎల్లప్ప తన దగ్గరి ఖాకీ ముక్క ఇచ్చాడు. పోటు గుడ్డను గుండ్రంగా కోసి కింద పడేసింది. గుడ్డకు ఒక కన్ను వచ్చింది, అంతే.

"తోలు నిలబడతాది. గుడ్డ నిలబడదు," అన్నాడు ఏసుదాస్. "నీ మాదిరే ఒక పిల్లోడు వచ్చి నా అంగడంతా తిరగేసినాడు. తొరపాడిలో ఉంటాడు. మళ్ళీ ఒకనాడు ఈ దావన పోతా, దొరికింది పెద్దాయనా అని అరిచి పోయినాడు. యాడ దొరికిందో చెప్పలేదు. నువ్వు పోయి అడుగు. మంచి పిల్లోడు."

మంచి పిల్లోడు. ఎల్లప్ప నలిగిన బొత్తాన్ని తీసుకొని జేబులో వేసుకున్నాడు.

తొరపాడికి నడిచే పోయాడు. అడగడానికి పోతున్నానని అనుకోలేదు. ఊరికే చూసి వద్దామనుకున్నాడు. సుందరం అంగడికి ఎదురుగా టీ అంగడి ఉంది. దాని పందిరి గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. సుందరం బోర్డు అరవంలో ఉంది, అక్షరాలకు ఎర్ర రంగు. గుడియాత్తంలో తన అంగడికి బోర్డే లేదు. బోర్డు లేకుండానే జనం వస్తున్నారని ఇన్నాళ్ళూ గొప్పగా అనుకున్నాడు.

సుందరం నేల మీద కూర్చున్నాడు. ముందర చింతమొద్దు. మొద్దు మీద సంచీ మూత పరిచి, బొత్తాం గుచ్చి, వేలెడంత ఇనుప కడ్డీ దాని మీద నిలబెట్టి, సుత్తితో ఒకే దెబ్బ కొట్టాడు. వేలితో నొక్కి చూడనైనా లేదు. పక్కకు పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. కడ్డీకి పట్టు దగ్గర ఎర్ర దారం చుట్టి ఉంది. ఎల్లప్ప ఆ కడ్డీనే చూశాడు. అది లేచినప్పుడు చూశాడు, దిగినప్పుడు చూశాడు. గోడ పక్కన అయిపోయిన సంచులు ఒకదాని మీద ఒకటి, సుందరం తల ఎత్తున ఉన్నాయి.

టీ అంగడాయన గ్లాసు ముందుకు పెట్టాడు. "ఏం మామా, గుడియాత్తమా? భారతమ్మక్క ఇంటాయన కదా మీరు? లోపలికి పోలేదే?"

"పోతా," అన్నాడు ఎల్లప్ప.

సుందరం లేచి, ఒళ్ళు విరుచుకొని, చెంబు తీసుకొని పెరట్లోకి పోయాడు. ఎల్లప్ప గ్లాసు దించి దారి దాటాడు. పలకరిద్దామనే దాటాడు. గడపలో నిలబడి "సుందరం" అని పిలవడానికి నోరు తెరిచాడు. సంచుల కుప్ప దగ్గరి నుంచి చూస్తే ఇంకా ఎత్తుగా కనపడింది. అన్ని మూతలూ మూసి ఉన్నాయి. అన్ని బొత్తాలూ ఒకే వరసలో మెరుస్తున్నాయి. మొద్దు మీద పరిచిన గుడ్డ మీద కడ్డీ పడి ఉంది, చేయి చాపితే అందేంత దూరంలో.

అతను పిలవలేదు.

పళ్ళికొండ దాటి బస్సు పాలారు వంతెన మీదికి వచ్చేదాకా ఎల్లప్ప చేయి నడుము మడత మీది నుంచి తియ్యలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు తిరుత్తణి ఏ రాజ్యానికి పోతుంది, చిత్తూరులో అరవం మాట్లాడేవాళ్ళ గతి ఏమిటి, ఈ పక్క తెలుగువాళ్ళ గతి ఏమిటి అని గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన ఎల్లప్ప వైపు తిరిగి, "నువ్వు చెప్పప్పా, మనకు న్యాయం జరిగిందా?" అన్నాడు. ఎల్లప్ప కిటికీలో నుంచి ఏటి ఇసుక చూశాడు.

*

ఆ వారం అతను సంచులన్నీ కుట్టాడు. కుట్టు బాగానే వచ్చింది. బొత్తాలు మాత్రం రాలేదు. కడ్డీ కొస చూస్తే సన్నగా, నడుమ చిన్న మొన. కాడలోకి సరిగ్గా దిగేది. కాడ చక్కగా విచ్చుకొని గుడ్డను పట్టుకునేది. కానీ కింద, బొత్తాం తల రాతికి ఆని చదునైపోయేది. చదునైన తల మూతను పట్టేది కాదు. పలక మీద పెట్టి కొట్టాడు. గుడ్డ మడతలు వేసి కొట్టాడు. ఇత్తడి తట్ట బోర్లించి కొట్టాడు. తట్టకు గుంట పడింది, బొత్తాం నలిగింది. పొట్లం సగానికి వచ్చింది. సంచులు గోడ వెంబడి నోళ్ళు తెరుచుకొని కూర్చున్నాయి.

ఒకనాడు భారతమ్మ అన్నం గిన్నెతో అంగడికి వచ్చి, బల్ల మీది కడ్డీ చూసింది.

"కొన్నావా?"

"ఆఁ."

ఆమె దాన్ని వేళ్ళ నడుమ తిప్పి చూసింది. మొహం వెలిగింది. "నేననుకున్నా. సుందరం ఒక్కడికేనా తెలివి, నువ్వూ వాడి మాదిరే కనుక్కుంటావని అనుకుంటానే ఉండా."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతని పనిని మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. మెచ్చుకున్నా సుందరం పక్కన నిలబెట్టి మెచ్చుకుంది. ఆమె బల్ల మీద పెట్టగానే ఎల్లప్ప కడ్డీ తీసుకొని సొరుగులో పెట్టేశాడు.

*

మరుసటి శనివారం పెరటాసి నెలలో గోవిందుడికి పూజ చేసే శనివారం. ఆ నెలంతా ఇంట్లో నీచు ముట్టరు. శనివారమైతే నుదుట నామం పెట్టుకొని, పూజయ్యేదాకా పచ్చి నీళ్ళు తప్ప తాగరు. పూజ కాగానే ఇంట్లో ఉన్నవాళ్ళంతా కలిసి తినాలి. ఎవరినీ తినకుండా పంపరు, ఎవరూ తినకుండా పోరు. భారతమ్మ తలంటుకొని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకొని వంటింట్లో ఉంది. ఎల్లప్ప సంచులను అంగట్లో నుంచి ఇంటికి తెచ్చి వసారాలో పోశాడు; సుత్తి, బొత్తాలు, కడ్డీ గూట్లో పెట్టాడు. రేపు ఆదివారం. వేలాయుధానికి ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

మొదటి బస్సుకే సుందరం దిగాడు. తల మీద పెద్ద మూట, చంకలో చిన్న మూట. అతని నుదుట కూడా నామం ఉంది.

"అక్కా!"

"వచ్చినావా నాయనా!" భారతమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఎంత చిక్కిపోయినావు! యాడ తింటా ఉండావు, ఏం తింటా ఉండావు?"

"అందరూ లావైనానని అంటా ఉండారు, నువ్వొక్కదానివే చిక్కినానంటావు." పెద్ద మూట దించి ఎల్లప్ప వైపు చూశాడు. "బాగుండావా బావా?"

"ఉండా."

"నీవి అయిపోయినాయా?"

"అయిపోవచ్చినాయి."

సుందరం వసారాలోని సంచులు చూశాడు. తెరిచిన నోళ్ళు చూశాడు.  అక్కడే ఉన్న కట్టెలు కొట్టే మొద్దు పక్కన చతికిలబడ్డాడు.

"నావి సగమే అయినాయి. నాలుగు దినాలుగా పని నిలిచిపోయింది."

"ఎందుకురా?" అంది భారతమ్మ.

"పనిముట్టు ఒకటి పోయింది అక్కా. ఇంకొకటి చేయించుకుందామంటే, చేసిచ్చిన కంసాలి ఆచారి తిరుపత్తూరులో పెండ్లికి పోయి కూర్చున్నాడు."

"పోయిందా? ఏమైనా దొంగతనమా?"

"ఏమో. టీ అంగట్లో అడిగినా." సుందరం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సోమవారం బావ వచ్చి నిలబడి ఉండినాడంట. టీ తాగినాడంట. లోపలికి రాలేదే బావా?"

ఎల్లప్ప సంచుల కుప్పను గోడ వైపు జరిపాడు. 

"బస్సుకు టైమైపోయింది," అన్నాడు.

"అదే సోమవారం మీ బావ కూడా ఒకటి కొన్నాడురా!" అంది భారతమ్మ సంతోషంగా. "ఆగు, చూపిస్తా." అతను ఏదో అనేలోపలే గూట్లో నుంచి కడ్డీ తీసుకొని వచ్చింది. "నీది ఇట్లాంటిదేనా? చూడు."

సుందరం దాన్ని ఆమె చేతిలో ఉండగానే చూశాడు. పట్టుకు చుట్టిన ఎర్ర దారం చూశాడు. దారం కొసను లోపలికి దోపి, పైనుంచి మళ్ళీ రెండు చుట్లు వేసి ఉంది. వాన చినుకు ఒకటి వసారా రేకు మీద పడింది. ఇంకొకటి పడలేదు.

"ఇట్లాంటిదే," అన్నాడు సుందరం. "మంచి ఇనుము. యాడ కొన్నావు బావా?"

"వేలూర్లో."

"వేలూర్లో యాడ?"

 భారతమ్మ ఒకసారి తమ్ముడి మొహం, ఒకసారి మొగుడి మొహం చూసింది. కడ్డీని చూసింది. ఆమె చేయి మెల్లగా దిగింది. కడ్డీని మొద్దు మీద పెట్టి, గరిటె తీసుకొని లోపలికి పోయింది. పోపు మాడిన వాసన వస్తోంది.

ఇనుప పనిముట్టును అయినవాళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోరు. సూదయినా, కత్తెరయినా అంతే. చేతికి చేయి ఇస్తే పగ వస్తుందంటారు. ఇచ్చేవాడు కింద పెడతాడు, కావలసినవాడు తీసుకుంటాడు. తీసుకోవడం ఇష్టం లేనివాడు తీసుకోడు. సుందరం చిన్న మూట విప్పాడు. లోపల నుంచి అగ్గిపెట్టెంత ఇత్తడి దిమ్మె తీసి, కడ్డీ పక్కన మొద్దు మీద పెట్టాడు. దిమ్మె నిండా గుంటలు. పెసరగింజంత గుంట, శనగగింజంత గుంట, ఇంకా పెద్దవి.

"ఇదేంది?" అన్నాడు ఎల్లప్ప. ఆ ప్రశ్న అతనికి తెలియకుండానే వచ్చింది.

"దీంట్లో బొత్తాం తల బోర్లించాల. గుంట దాన్ని పట్టుకుంటాది, నలగనియ్యదు. పైనుంచి కడ్డీ. నా మొద్దులో చెక్కి కూర్చోబెట్టి ఉండినదాన్ని ఊడదీసి తెచ్చినా. ఆడుంటే పైకి కనపడదు. ఎదురంగడి పందిట్లో నిలబడి చూస్తే అసలే కనపడదు."

ఎల్లప్ప దిమ్మె వైపు చూశాడు. పైన లేచి దిగే కడ్డీనే చూస్తూ ఉండిపోయాడు తొరపాడిలో. సంగతంతా మొద్దులో, గుడ్డ కింద ఉంది.

"యాడ దొరికింది?"

"యాడ వెతకలేదు చెప్పు! తోలంగళ్ళు తిరిగినా, గడియారాలు బాగుచేసేవాణ్ణి అడిగినా, ఒడుగత్తూరులో కమ్మరి దగ్గరికి పోయినా. ఆయన దోసపెనం మీద కొట్టమన్నాడు. కడాకు అక్కకు మెడలోకి బంగారు గుండ్లపేరు చేయిద్దామని ఆచారి దగ్గరికి పోతే, ఆయన బంగారు రేకును దీంట్లో పెట్టి కొట్టి సగం గుండు తీస్తా ఉండాడు. ఇంకో సగం తీసి రెండూ అతికిస్తా ఉండాడు. గుండు కోసం పోయినోణ్ణి దిమ్మె తీసుకోని వచ్చేసినా."

అక్కకు గుండ్లపేరు. ఎల్లప్పకు ఆ మాటను మింగడానికి చాలాసేపు పట్టింది. పెళ్ళయిన నాటి నుంచి భారతమ్మ మెడలో నల్లపూసలు తప్ప ఇంకేమీ లేవు. ఆ సంగతి సుందరం చూశాడు.

"నీకు పైది ఉండాది, నాకు కిందిది ఉండాది," అన్నాడు సుందరం. "రెండు పక్కలా సంచులు ఉండాయి. కొట్టు బావా, నేను పట్టుకుంటా."

ఎల్లప్ప కదల్లేదు. లోపల గంట మోగింది. భారతమ్మ దేవుడి ముందు దీపం పెడుతోంది. వీధిలో ఎవరో గోవిందా అని పోతున్నారు. సుందరం మొదటి మూత తీసి, బొత్తాం గుచ్చి, తల గుంటలో కూర్చోబెట్టి, రెండు చేతులతో గుడ్డ బిగించి పట్టుకొని, తల వంచి కూర్చున్నాడు. చిన్నప్పుడు కాజా విప్పించుకోవడానికి కూడా అట్లాగే తల వంచి కూర్చునేవాడు.

ఎల్లప్ప కడ్డీ తీసుకున్నాడు. కాడ మీద నిలబెట్టాడు. కొట్టాడు.

తీసి చూస్తే బొత్తాం తల గుండ్రంగా, గీతైనా పడకుండా ఉంది. మూత మూశాడు. టిక్కుమంది. అతని చేతికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. వెంటనే, ఇట్లాంటి హాయి వీడు రోజంతా పడుతున్నాడు కదా అనిపించింది.

"ఇంకొంచెం మెల్లగా కొట్టినా చాలు," అన్నాడు సుందరం.

"నాకు చెప్పొద్దు."

"సరే."

కొట్టాడు. పట్టుకున్నాడు. కొట్టాడు. పట్టుకున్నాడు. ముందు ఎల్లప్ప సంచులు అయ్యాయి; తక్కువైన బొత్తాలు సుందరం మూటలో నుంచి తీశారు. తర్వాత సుందరం మూట విప్పి వాటికీ కొట్టారు. భారతమ్మ రెండుసార్లు గడప దాకా వచ్చి నిలబడి, పూజకు పిలవకుండానే లోపలికి పోయింది. ఎల్లప్ప కొట్టినప్పుడల్లా సుందరం వేళ్ళు దిమ్మెకు అంటుకొని ఉన్నాయి. సుత్తి కొంచెం పక్కకు తప్పితే ఆ వేళ్ళు బతకవు. సుందరం వేళ్ళు తీయలేదు. ఎల్లప్ప సుత్తి తప్పలేదు. ఒక్కసారి మాత్రం, గుండ్లపేరు గుర్తుకు వచ్చినప్పుడు, అతను చేయి పైకెత్తి అలాగే ఆపి, కాసేపు ఊపిరి పీల్చుకొని దించాడు.

చివరి సంచీ అయ్యాక రెండు కుప్పలూ పక్కపక్కన ఉన్నాయి. కుట్టు చూస్తే ఏవి ఎవరివో ఎల్లప్ప కళ్ళు మూసుకొని చెప్పగలడు. వేలాయుధం చెప్పలేడు. ఆయన చూసేది బొత్తాలే.

"బావా," అన్నాడు సుందరం. "ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. అడిగింటే ఈ పనిముట్టు ఇచ్చుందును. రెండూ ఇచ్చుందును. బస్సు పని మాత్రం ఇయ్యను. అది నాకు కావాల. దానికోసమే ఇంత తిరిగినా. నువ్వు పెద్దోడివని ఊరికే వదలను."

ఎల్లప్ప అతని వైపు చూశాడు. వసారా గుంజ దగ్గర భారతమ్మ నిలబడి ఉంది. నామం చెమటకు కారి ఆమె ముక్కు దాకా వచ్చింది. ఆమె తమ్ముణ్ణి చూడడం లేదు. మొగుణ్ణి చూస్తోంది.

ఎల్లప్ప కడ్డీ మీది దుమ్ము పంచె కొంగుతో తుడిచాడు. దిమ్మె పక్కన, సుందరం వైపుగా, మొద్దు మీద పెట్టాడు.

"ఇది నీది," అన్నాడు.  "కొనలేదు. సోమవారం నీ అంగట్లో తీసుకున్నా."

సుందరం కడ్డీని వెంటనే తీసుకోలేదు. కాసేపు చూసి, దిమ్మెతో పాటు గుడ్డలో చుట్టి మూటలో పెట్టుకున్నాడు.

"నా సంచులు కూడా నువ్వే ఎత్తుకోని పో రేపు," అన్నాడు ఎల్లప్ప. "కుట్టు ఎల్లప్పది, బొత్తాలు నావి అని మొదలారికి చెప్పు. ఆయన అడిగింది బొత్తాలే."

"అట్లే చెప్తా," అన్నాడు సుందరం. వద్దనలేదు.

భారతమ్మ లోపలికి పోయింది. హారతి పళ్ళెం తెచ్చింది. ఇద్దరూ లేచి, కాళ్ళు కడుక్కొని, హారతి కళ్ళకద్దుకున్నారు. ఆమె మూడు ఆకులు వేసింది. రోజూ మగవాళ్ళు తిన్నాకనే తినే మనిషి, ఆ రోజు తానూ కూర్చుంది. అన్నం తపేలా, పప్పు గిన్నె, పొంగలి, అలసంద గుగ్గిళ్ళు ముగ్గురి నడుమ పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు. ఎవరికి ముందు పెడుతుందా అని ఎల్లప్ప చూశాడు. తమ్ముడికీ పెట్టలేదు, తనకూ పెట్టలేదు. తన ఆకులో తాను గరిటెడు వేసుకొని గరిటెను తపేలాలోనే వదిలేసింది.

సుందరం వేసుకున్నాడు. ఎల్లప్ప వేసుకున్నాడు. పప్పు కొంచెం మాడింది.  బయట మబ్బు కదిలిపోయి, వసారాలో సంచుల మీద ఎండ పడింది. వీధిలో చిత్తూరు బస్సు హారను వేసుకుంటూ పోయింది. సుందరం తల ఎత్తలేదు, ఎల్లప్ప కూడా ఎత్తలేదు. గుగ్గిళ్ళ గిన్నె సుందరానికి అందకుండా దూరంగా ఉంది. ఎల్లప్ప ఎడమచేత్తో దాన్ని అటు జరిపాడు. సుందరం తీసుకున్నాడు. ముగ్గురూ తింటూ ఉన్నారు.